సోఫా కింద నేల ఖరీదెంత?

కొత్త ఫ్లాటు తాళాలు చేతికి రాగానే ఇంట్లో మొదలయ్యే మొదటి చర్చ సోఫా గురించే. త్రీ ప్లస్ వన్ ప్లస్ వన్ తీసుకుందామా, ఎల్ షేపా, లెదరా, బట్టా, ఏ రంగు గోడకు నప్పుతుంది... గృహప్రవేశం ముహూర్తం కంటే ముందే ఇవన్నీ తేలిపోవాలి. బేరమంతా షాపులో చీటీ మీదున్న అంకె చుట్టూ తిరుగుతుంది. ఆ సోఫా ఇంటికొచ్చి ఎంత నేలను కప్పేస్తుందో, ఆ నేలకు మనం ఎంత పోశామో ఎవరూ అడగరు. ఇంటి అలంకరణ గురించి ఆలోచించాల్సింది ఈ అడగని ప్రశ్న దగ్గరి నుంచే. ఫ్లాటులో మనం కొన్న వాటన్నిటిలోకీ ఖరీదైనది నేల. దాని మీద కూర్చున్న ప్రతి సామానూ తన ధరతో పాటు ఆ నేల ధర కూడా మన చేత కట్టిస్తుంది. కాబట్టి హాల్లోకి వచ్చే వస్తువు రోజులో కనీసం రెండు పనులకు పనికిరావాలి. లేదంటే పనయ్యాక పక్కకు తప్పుకోవాలి. ఈ రెండూ చేతకానిది ఎంత ముచ్చటగా ఉన్నా చిన్న ఇంటికి బరువే.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. హాలూ డైనింగూ కలిపి 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, అంటే 198 చదరపుటడుగులు అనుకుందాం. మూడు సీట్ల సోఫా 7 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు: 21 చదరపుటడుగులు. విడి సోఫాలు రెండూ కలిపి 18. మధ్యలో గాజు బల్ల 8. టీవీ యూనిట్ 9. ఇక్కడికే 56 అయ్యాయి. ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ చూడ్డానికి 5 అడుగులకు 3 అడుగులే గానీ, కుర్చీ వెనక్కి జరిపి మనిషి కూర్చోవాలంటే చుట్టూ రెండేసి అడుగులు వదలాలి. అప్పుడది 9 బై 7, అంటే 63 చదరపుటడుగులు. మొత్తం 119. హాల్లో ఐదింట మూడు వంతులు పోయాయి. మిగిలిందాన్ని ఖాళీ అనలేం. గుమ్మం నుంచి బాల్కనీకీ, వంటగది నుంచి పడగ్గదికీ నడిచే దారి అది. పిల్లలు బొమ్మలు పరుచుకోవడానికీ, ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికీ, ఇంటికొచ్చిన చెల్లెలు చంటిబిడ్డను పడుకోబెట్టుకోవడానికీ చోటు లేదు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను స్పష్టంగా నిర్వచించింది కాబట్టి ఈ లెక్క ఎవరి పత్రాలు వాళ్లు ముందేసుకుని వేసుకోవచ్చు. కార్పెట్ ఏరియాలో చదరపుటడుగు 8,000 రూపాయలు పడిందనుకుంటే, సోఫా సెట్టూ దాని ముందరి బల్లా కలిసి కప్పేసిన 47 చదరపుటడుగుల నేల విలువ 3,76,000 రూపాయలు. ఎనభై వేలు పెట్టి కొన్నామనుకున్న సోఫా నిజానికి నాలుగున్నర లక్షలది. అద్దె ఇల్లయినా ఇదే వరస. 800 చదరపుటడుగులకు నెలకు 20 వేలు కడుతుంటే, ఆ 47 అడుగుల కోసం నెలనెలా 1,175 రూపాయలు పోతున్నట్టు.

మన పాత ఇళ్లలో సామాన్లకేం కొదవ లేదు. అయినా నేల ఖాళీగా ఉండేది. అప్పుడు సామాను గోడల్లో, గోడల మీద, తల పైన ఉండేది. అడుగున్నర, రెండడుగుల మందం గోడల్లో గూళ్లు, తలుపుల అలమరలు కట్టేవారు. దీపం ఒక గూట్లో, మందుల సీసా ఒక గూట్లో, పుస్తకాలు అలమరలో. చొక్కాకు చిలక్కొయ్య, చీరలకు దండెం, పెరుగు కుండకు ఉట్టి, ఏడాదికోసారి దింపే ఇత్తడి గంగాళాలకు అటక. ఆర్‌సీసీ ఫ్రేము మీద నిలబడే అపార్ట్‌మెంటులో లోపలి గోడ నాలుగున్నర అంగుళాలకు పల్చబడింది. అందులో గూడు తొలవడం కుదరదు. అల్యూమినియం అచ్చుల్లో గోడలన్నీ కాంక్రీటుతో పోసే కొత్త టవర్లలో అయితే గోడలే భవనం బరువు మోస్తాయి కనుక తొలవాలన్న ఆలోచనే తగదు. గోడ ఇచ్చే చోటు పోయేసరికి గూట్లో, చిలక్కొయ్యకు, ఉట్టి మీద ఉండాల్సినవన్నీ కాళ్లున్న పెట్టెలుగా మారి నేల మీదికి దిగాయి. షూ ర్యాక్, షోకేస్, కార్నర్ స్టాండ్, సైడ్ టేబుల్, బుక్ ర్యాక్, టీవీ యూనిట్. వీటిలో ఏదీ చెడ్డ వస్తువు కాదు. అన్నీ కలిసి కాలు మోపే చోటును తినేశాయన్నదే ఇబ్బంది. మళ్లీ గోడకెక్కించగలిగినదంతా గోడకెక్కిస్తే సగం ఫ్లాటు తిరిగొస్తుంది. పుస్తకానికి తొమ్మిది పది అంగుళాల లోతు చాలు. చెప్పులకు, ఏటవాలుగా నిలబెట్టే అర పెడితే, ఇంకా తక్కువే సరిపోతుంది. సెట్‌టాప్ బాక్సుకు ఒక చెక్కపలక చాలు. అడుగు లోతున్న టీవీ యూనిట్ దేన్ని దాచడానికో దాన్నే అడగాలి.

పాత సామాన్లలో ఇంకో తెలివి ఉంది. భోషాణాన్నే చూడండి. మందపాటి చెక్క, మూలలకు ఇత్తడి పట్టీలు, పైన చదునైన మూత. లోపల పట్టుబట్టలు, వెండి సామాను, దస్తావేజులు. పగలు దాని మీద కూర్చుని లెక్కలు రాసుకునేవారు. రాత్రి దాని మీదే పక్క వేసుకుని పడుకునేవారు, అదే కాపలా కూడా. ఒక్క వస్తువు బీరువా, బల్ల, మంచం, కావలి. ఇవాళ ఫర్నిచర్ షాపులో కనిపించే స్టోరేజ్ దివాన్ దాని మనవరాలే. నవారు మంచం పొద్దున్నే గోడకు నిలబడేది. పీట భోజనం కాగానే మూలకు చేరేది. వస్తువును ఇలా చూసే పద్ధతిని మనకు మళ్లీ చూపించింది బయటివాళ్లే. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలవడానికి అదే పునాది. కుర్చీల రూపకల్పనలో ప్రపంచమంతా పేరున్న ఆ ఇద్దరూ ఆ నివేదికలో అన్నిటికన్నా మెచ్చుకున్నది మన నీళ్ల లోటాను. ఎన్ని నీళ్లు పట్టాలి, ఎంత చెయ్యి పట్టుకుంటుంది, నెత్తిన మోస్తారా చంకనా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది, ఎలా తోముతారు, చివరికి అమ్మితే ఎంతొస్తుంది అని వాళ్లు ఒక్కో ప్రశ్నా వేసుకుంటూ పోయారు. సోఫా కొనేముందు ఇందులో సగం ప్రశ్నలు వేసుకున్నా చాలు.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది: నలుగురొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి? ఈ మాటను కొట్టిపారేయకూడదు. మన ఇళ్లకు చుట్టాలొస్తారు, రావాలి కూడా. కానీ మన ఇళ్లలో ఏం జరుగుతోందో గమనించండి. సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నా, పిల్లల పుట్టినరోజయినా, పెళ్లి మాటలకు వియ్యాలవారు వస్తున్నా ముందురోజు రాత్రి చేసే మొదటి పని సోఫాలను పడగ్గదిలోకో కారిడార్‌లోకో నెట్టడం. తర్వాత టెంట్ హౌస్‌కు ఫోన్ చేసి కుర్చీలు తెప్పించడం, కింద జంపఖానా పరచడం. ఐదుగురు కూర్చునే సోఫా ఇద్దరు ముగ్గురొస్తే ఎక్కువ, పాతికమంది వస్తే అడ్డం. అతిథుల కోసమని కొన్నది అతిథులొచ్చిన రోజునే బయటికి పోతోంది. మిగిలిన రోజుల్లో ఇంట్లో వాళ్లు దాని చుట్టూ పక్కకు ఒరిగి నడుస్తున్నారు. అదే ఒక దివాన్, రెండు చేతుల కుర్చీలు, ఒకదాని మీద ఒకటి పేర్చగల నాలుగు స్టూళ్లు, చుట్టి పెట్టిన ఒక పెద్ద జంపఖానా ఉంటే ఇద్దరొచ్చినా ఇరవైమంది వచ్చినా ఇల్లు సర్దుకుంటుంది. గౌరవం సంగతంటారా, వచ్చిన పెద్దాయనను దర్జాగా చేతుల కుర్చీలో కూర్చోబెట్టడానికి మించిన మర్యాద సోఫాలో ఏముంది?

పెద్దవాళ్ల మోకాళ్ల మాట దీనికంటే గట్టిది. నేల ఖాళీగా ఉంచమంటే అందరూ కింద కూర్చోవాలా, అరవై దాటిన అమ్మానాన్నల సంగతేమిటని అడుగుతారు. కింద కూర్చోలేని వాళ్లను కూర్చోమనడం క్రూరత్వం. నేను చెబుతున్నది అది కాదు. అయితే సోఫా పెద్దవాళ్లకు మేలు చేస్తుందన్న నమ్మకాన్ని మాత్రం కొలత టేపు పట్టుకుని పరీక్షించాలి. మెత్తటి సోఫాల్లో చాలావాటి లోతు 22 నుంచి 24 అంగుళాలు. ఫోమ్ కుంగాక కూర్చునే ఎత్తు 15, 16 అంగుళాలకు దిగుతుంది. వీపు ఆనించాలంటే వెనక్కి జారాలి, అప్పుడు పాదాలు నేలకు సరిగా ఆనవు. లేవాలంటే ముందుకు జరిగి, మోకాళ్లు నడుముకన్నా ఎత్తులో ఉండగా, దేన్నీ పట్టుకోకుండా బరువంతా మోకాళ్ల మీద వేయాలి. సోఫాలోంచి లేచేటప్పుడు పెద్దవాళ్లు పక్కవాళ్ల చెయ్యి అందుకోవడానికి కారణం అదే. వాళ్లకు కావలసింది 18 అంగుళాల ఎత్తు, 18 నుంచి 20 అంగుళాల లోతు, కుంగని సీటు, అరచేతులు ఆనించి లేవడానికి గట్టి చేతులు. ఇలాంటి కుర్చీ చేయడం వీధి చివర కార్పెంటర్‌కు కొత్తేమీ కాదు. రెండడుగుల చదరంలో పట్టేస్తుంది, బాల్కనీలోకి జరుగుతుంది, దేవుడి గది ముందుకు వస్తుంది. ఖాళీ నేల వాళ్లకు ఇంకో విధంగానూ అవసరం. రాత్రిపూట బాత్రూమ్‌కు లేచినప్పుడు కాలికి తగిలే గాజు బల్ల అంచు, కార్పెట్ మడత, స్టాండ్ కాలు ఇవే వాళ్లను పడేసేవి.

వార్డ్‌రోబ్‌ల నుంచి టీవీ గోడ దాకా అంతా కలిపి ఒక ప్యాకేజీగా చేసిచ్చే ఇంటీరియర్ వాళ్లున్నారు కదా, తలనొప్పి లేకుండా పోతుంది కదా అనేవాళ్లకు జవాబు కుటుంబం వయసులోనే ఉంది. పాకే బిడ్డ ఉన్న ఇల్లు వేరు, పదో తరగతి చదివే పిల్ల ఉన్న ఇల్లు వేరు, ఆ పిల్ల హాస్టల్‌కు వెళ్లాక ఊరి నుంచి నాన్నమ్మ వచ్చి ఉండే ఇల్లు వేరు. గోడకు బిగించి, లామినేట్ అతికించి, లోన్‌లో కలిపి కట్టే ప్యాకేజీ మొదటి రోజు ఇంటిని గట్టిగా పట్టేసి వదలదు. 2020 లాక్‌డౌన్‌లో ప్రతి హాలూ ఒకేసారి ఆఫీసు, బడి, వ్యాయామశాల కావాల్సి వచ్చింది. జరిపే వీలున్న బల్ల ఉన్నవాళ్లు సర్దుకున్నారు. మిగతావాళ్లు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, కూర గిన్నె పక్కన మీటింగులు నడిపారు. వంటింటి అరలు, పడగ్గది వార్డ్‌రోబ్ బిగించుకోండి. అవి మారవు. హాలును మాత్రం కదిలే సామానుకు వదిలేయాలి.

అదే 198 అడుగుల హాలును మళ్లీ సర్దుదాం. కిటికీ వారగా 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు దివాన్. లోపల పరుపులు, దుప్పట్లు, రాత్రికి ఒకరికి పడక. అది 15 చదరపుటడుగులు. చేతుల కుర్చీలు రెండూ కలిపి 10. టీవీ గోడకు, కింద చెక్కపలక. వంటగది వైపు గోడకు మడత బందులతో వేలాడే బల్ల. దించితే గోడ నుంచి ఆరంగుళాలు కూడా రాదు, ఎత్తితే 4 అడుగులకు రెండున్నర, నలుగురి భోజనానికి చాలు. పేర్చిన స్టూళ్లతో సహా అన్నీ కలిపినా 35 దాటవు. ఎనభై పైచిలుకు చదరపుటడుగులు, అంటే ఒక చిన్న పడగ్గదంత చోటు, గోడ కట్టకుండానే వచ్చింది. ఇక్కడ ఒక్క జాగ్రత్త: మడత బల్ల బరువు, దాని మీద ఆనే చేతుల బరువు గోడే మోయాలి. హాలో బ్రిక్ గోడయితే మామూలు ప్లగ్గులు ఊడొస్తాయి, దానికి తగిన యాంకర్లు అడిగి వేయించుకోవాలి. మడిచే సామాను నాసిరకంగా ఉంటుందన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు బల్లలో ఉండదు, దాన్ని పట్టుకున్న బందుల్లో, స్క్రూల్లో ఉంటుంది. వాటి మీద ఆదా చేయొద్దు.

తక్కువ వస్తువులు కొంటే ఒక్కో వస్తువు మీద ఎక్కువ పెట్టొచ్చు. సామాను మన్నిక తేలేది అంచు దగ్గర. ప్లైవుడ్ ముక్కను పక్కనుంచి చూస్తే పొరలు కనిపించాలి, పొరల మధ్య సందులు ఉండకూడదు. దాని మీద ఐఎస్ఐ ముద్ర చూడండి. ఐఎస్ 303 మామూలు వాడకానికి, ఐఎస్ 710 నీళ్లు తగిలే చోటుకు. చెక్కపొడి అదిమి చేసే పార్టికల్ బోర్డు చవక. కానీ రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్లలో దాని అడుగు అంచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఒకసారి విప్పిన స్క్రూ అదే రంధ్రంలో రెండోసారి గట్టిగా పట్టదు. రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారే అద్దెవాళ్లకు ఇది సరైన బేరం కాదు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల తేమకు అసలే కాదు. కాళ్లున్న సామాను ఏదైనా నేల నుంచి నాలుగైదు అంగుళాలైనా పైకి ఉంటే చీపురు లోపలికి వెళ్తుంది, చెద పడితే వెంటనే కంటపడుతుంది. 2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్‌లోనే తెరిచాక విప్పి బిగించుకునే సామాను మనవాళ్లకు బాగా అలవాటైంది. ఆ పద్ధతిని మన కార్పెంటర్ చేత టేకులోనో, మంచి ప్లైవుడ్‌లోనో, అతికించకుండా నట్లు, బోల్టులతో చేయించుకుంటే ఇల్లు మారినప్పుడల్లా వెంట వస్తుంది.

ఇంత తక్కువ సామాను పెడితే ఇల్లు బోసిగా ఉండదా అంటే, బోసిగా కనిపించేది వెలుగు, బట్ట సరిగా లేని గది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాన్ని పరిస్తే నేల రంగు మారుతుంది, ఉతికి ఎండేసుకోవచ్చు కూడా. మంగళగిరి నూలు కిటికీకి కడితే ఎండ చల్లబడి లోపలికి వస్తుంది, గాలి ఆగదు. దివాన్ మీద పోచంపల్లి ఇకత్, గోడకు ఒకే ఒక్క శ్రీకాళహస్తి కలంకారీ లేదా చేర్యాల పటం, పలక మీద అంకుడు కర్రతో చేసిన రెండు ఏటికొప్పాక లక్కబొమ్మలు. చూపు ఆగడానికి గదికి ఒక్క చోటుంటే చాలు. షోకేస్ నిండా జ్ఞాపికలు, షీల్డులు, పెళ్లిళ్లలో ఇచ్చిన గాజు హంసలు నింపితే కన్ను దేని మీదా నిలవదు. వెలుగు విషయంలో మనం చాలా నిర్లక్ష్యం చేశాం. ఒకే గోడ మీద ఒక్క 6500 కెల్విన్ తెల్లని ట్యూబ్ లైటు, అందరి ముఖాల మీదా ఆసుపత్రి కాంతి. చదువుకునే చోట అది ఉండనివ్వండి. మిగతా చోట్ల 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగునిచ్చే చిన్న దీపాలు రెండు మూడు వేర్వేరు ఎత్తుల్లో పెడితే రాత్రి ఏడింటి తర్వాత అదే గది వేరే గదిలా ఉంటుంది. ఖర్చు ఒక రోజు హోటల్ భోజనమంత. ఫాల్స్ సీలింగ్ మాత్రం ఆలోచించి వేయించుకోండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు, అంటే తొమ్మిదడుగులు, ఉండాలంటుంది. చాలా ఫ్లాట్లు ఆ గీతకు కాస్త పైనే ఉంటాయి. ఆరేడు అంగుళాలు కిందికి దించితే మన ఎండల్లో ఫ్యాను పైన ఉండాల్సిన గాలి తగ్గుతుంది, గది కుంచించుకుపోయినట్టవుతుంది.

వాస్తు చూసుకునేవాళ్లకూ ఇందులో పేచీ లేదు. ఇంటి నడిమధ్య బ్రహ్మస్థానంలో బరువు పెట్టొద్దు, ఖాళీగా ఉంచమన్నది ఆ శాస్త్రమే. ఇప్పటికే సోఫా సెట్టు కొనేసినవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. ముందు మధ్యలో ఉన్న గాజు బల్ల తీసేసి నెల రోజులు ఉండి చూడండి. తర్వాత విడి సోఫాల్లో ఒకటి పడగ్గది కిటికీ దగ్గరికి మార్చండి, అక్కడ చదువుకోవడానికి పనికొస్తుంది. టీవీ యూనిట్ మీది వస్తువులు గోడకెక్కించి, యూనిట్‌ను బట్టల అరగా లోపలికి పంపండి. కొత్తగా కొనబోయేవాళ్లు షాపుకెళ్లే ముందు కొలతలు తీసుకుని హాల్లో సుద్దముక్కతో ప్రతి సామాను గీత గీయాలి. డైనింగ్ టేబుల్‌కు కుర్చీలు వెనక్కి లాగినంత మేర గీయాలి, దివాన్‌కు సొరుగు బయటికి వచ్చినంత, అలమరకు తలుపు తెరుచుకున్నంత. వారం రోజులు ఆ గీతల మధ్యే తిరగండి. ఎక్కడ కాలు పదేపదే గీత మీద పడుతోందో అక్కడి వస్తువు ఒక సైజు తగ్గాలి, లేదా గోడకెక్కాలి.